సరిచూసినది: అక్క

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అందరం అంటే నేనూ, నాలుగు మానిటర్లూ, నా మోకాలి నొప్పీ. అక్కడ మీరంతా కులాసా అనీ, మరదలికి జలుబు తగ్గిందనీ రాశావు. సంతోషం. ఈ ఉత్తరం చదివాక ఎవరి కులాసా ఎంత మిగులుతుందో చెప్పలేను కాబట్టి ఆ సంతోషమేదో ముందే రాసి పడేస్తున్నాను.

నీ ఉత్తరం నిండా ఎప్పటిలాగే ప్రశ్నలూ, ప్రతి ప్రశ్నకీ 'శ్రమ అనుకోకక్కా' అనే తోకా. శ్రమేం లేదు. మోకాలికి డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు. ప్రెస్సులో రంగుల గది మేడమీద ఉంది కాబట్టి డాక్టర్నే మానేశాను. నాన్న దీపాల బల్ల అమ్మేశావా అని అడిగావు. అమ్మలేదు, దానిమీద టీ కప్పులు పెట్టుకుంటున్నాం. గోడలకి పోయిన నెల మళ్ళీ బూడిద రంగే వేయించాను. రంగులేసే అతను 'ఇంత దిగులుగా ఉంటే ఎలా పనిచేస్తారండీ' అన్నాడు. గోడ రంగు తెరమీద పడుతుంది, తెరమీద పడ్డది కంట్లో పడుతుంది, అందుకని ఈ గదిలో గోడలకీ మనుషులకీ రంగు ఉండకూడదని చెప్పాను. అతను నా బూడిద కోటు వంక ఎగాదిగా చూసి 'మీకు బాగానే కుదిరిందండీ' అన్నాడు. నోటి దురుసు మనిషి. నాకు నచ్చాడు.

కవర్లో పెట్టి పంపిన గుడ్డముక్క కూడా అందింది. 'నీ మరదలు ఇది ఉత్త బూడిద రంగంటోంది. నాకు లోపలెక్కడో ఆకుపచ్చ జీర ఉన్నట్టుంది. నా చూపు సంగతి నీకు తెలుసుగా. నువ్వు ఏదంటే అదే ఖాయం చేసుకుని కర్టెన్లు కుట్టిస్తాం' అని రాశావు. దాని సంగతి ఆఖర్న చెప్తాను.

ముందు నీ కూతురి సంగతి. అది వచ్చి పన్నెండు రోజులైంది. బాగానే తింటోంది, బాగానే నిద్రపోతోంది. పద్దెనిమిదేళ్ళ పిల్లకి ఉండాల్సిన భయం మాత్రం బొత్తిగా లేదు. మొహం నీది, నోరు నాది. 'దానికి ఈ రంగులు దిద్దే పని మీద మనసు పడిందక్కా, నేను కాదనలేను. ముందు దాని కళ్ళు పరీక్షించు. నా కళ్ళే దానికీ వచ్చి ఉంటే ఆ మాట నువ్వే చెప్పు, నాకంత ధైర్యం లేదు' అని రాశావు. ఆ వాక్యం చాలాసార్లు చదివాను. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

అది వచ్చిన రెండో రోజే ఒకటో తారీకు పడింది. ఒకటో తారీకంటే మన గదిలో ఏమిటో నీకు చెప్పక్కర్లేదు. తెరలు అరగంట ముందే వెలిగించి వేడెక్కనిచ్చాను. మెత్తటి గుడ్డతో తుడిచాను. దీపాలార్పి, కిటికీకి నల్లగుడ్డ దించి, అప్పుడు బల్లిని బయటికి తీశాను. అరచేతిలో పట్టే ఆ కొలత యంత్రానికి, తెరని కరుచుకుని కూర్చుంటుందని బల్లి అని పేరు పెట్టింది నువ్వే కదా. దాన్ని చూసి నీ కూతురు మురిసిపోయింది. తెరమీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తర్వాత బూడిద మెట్లూ ఒకటొకటే వచ్చి పోతుంటే బల్లి వాటిని చదువుకుని, ఈ తెర ఎక్కడ ఎంత అబద్ధమాడుతోందో తేల్చి, దిద్దుబాటు ఫైలొకటి రాసి ఇస్తుందని చెప్పాను. ఏ తెర ఫైలు ఆ తెరకే. ఒకరి కళ్ళజోడు ఇంకొకరు పెట్టుకుంటే ఎలా ఉంటుందో, ఒక తెర ఫైలు ఇంకో తెరకి పెడితే అలా ఉంటుందని కూడా చెప్పాను. పనయ్యాక మూలన చీటీ అంటించాను. తేదీ, దాని కింద 'సరిచూసినది: అక్క.'

"పేరు రాయవా అత్తా?" అంది నవ్వుతూ.

"ఈ ప్రెస్సులో అందరికీ నేను అక్కనే. ఈ చీటీ ఉన్న తెరని ఎవడూ అనుమానించడు" అన్నాను.

"నాన్న కూడానా?"

"మీ నాన్న అసలే అనుమానించడు."

అప్పుడే అడిగింది, మరి నాన్న ఈ పని ఎందుకు మానేశాడని. దానికి నువ్వు చెప్పలేదట. 'కళ్ళు సరిపడలేదు' అని దాటేశావట. నేను చెప్పాను. ఆ కథ చెప్పడం నాకు ఇష్టం కూడాను.

నాన్న ప్రతి పార్టీకీ నిన్ను చూపించి 'మావాడి కన్నే మాకు ప్రూఫు' అనేవాడు. మాటవరసకి కాదు, అక్షరాలా అంతే. నువ్వు దిద్దిన పేజీలు నమూనా ప్రూఫు తీయకుండానే అచ్చు ప్లేట్లకి వెళ్ళిపోయేవి. అలాంటి దర్జా ఇంకే ప్రెస్సులోనూ ఎవడికీ లేదు. నా పేజీలకి మాత్రం ఒక్కోదానికీ ప్రూఫు తీయాలి. నాన్న దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటు తిప్పి ఇటు తిప్పి సంతకం పెట్టేదాకా నేను చేతులు కట్టుకుని నిలబడాలి. 'ఇది మా బల్లికి కాపలా' అని నన్ను చూపించి నవ్వేవాడు. కిందున్న మెషిన్ల వాళ్ళు కూడా నవ్వేవాళ్ళు. నిన్నేమో డేగ అనేవాళ్ళు.

ఆ కర్టెన్ల కంపెనీ కేటలాగు వచ్చినప్పుడు నూటనలభై రకాల గుడ్డలు, మూడు వారాల పని. దీపం కింద గుడ్డ పెట్టుకుని, పక్కన తెర పెట్టుకుని, రెండూ ఒకటయ్యేదాకా దిద్దేవాడివి. అంకెలు చూసేవాడివి కాదు. 'అంకెలు కన్ను లేనివాళ్ళకక్కా' అన్నావొకసారి. నవ్వుతూనే అన్నావనుకో. నాకు ఆ నవ్వు ఇంకా గుర్తుంది.

కేటలాగు అచ్చయి వచ్చేసరికి దానికి నిలువెల్లా కామెర్లు. తెల్లగుడ్డలు పాత పళ్ళ రంగులో ఉన్నాయి. నీలాలు ఆకుపచ్చకి దిగాయి. కంపెనీ మేనేజరు గుడ్డనీ పేజీనీ పక్కపక్కన పెట్టి నాన్న బల్లమీద విసిరికొట్టాడు. నాన్న కిందివాళ్ళందరినీ పైకి పిలిచాడు. ఒక్కో గుడ్డా ఎత్తి 'ఇదేం రంగురా? మరి ఇది?' అని బళ్ళో పిల్లాడిని అడిగినట్టు అడిగాడు. నువ్వు అన్నీ సరిగ్గానే చెప్పావు, కానీ గొంతు వణికింది. గొంతు వణికేవాడి మాట ఎవడు నమ్ముతాడు?

"తెర నీలంగా ఉండింది నాన్నా" అన్నావు.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట" అన్నాడు నాన్న. అని, అందరిముందూ నా చేత బల్లిని పెట్టించాడు. తెర సరిగ్గా ఉంది. మూలన నా చీటీ కూడా ఉంది. "పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటే ఎక్కడో ఉంటాడనుకున్నాను. నా ఇంట్లోనే పుట్టాడు" అన్నాడు. సాయంత్రానికల్లా నీకు డేగ పేరు పోయి కామెర్లు అనే పేరు వచ్చింది. వారం తిరక్కుండా నువ్వే వెళ్ళిపోయావు. అట్టపెట్టెల గోడౌన్లో పని దొరికిందనీ, అక్కడ అన్నీ ఒకే రంగు కాబట్టి హాయిగా ఉందనీ మొదటి ఉత్తరంలో రాశావు. అది చదివి నేను కడుపునిండా అన్నం తిన్నాను.

ఇదంతా చెప్తే నీ కూతురు ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "అందరిముందూ అలా అడిగాడా తాతయ్య? నువ్వేం చేశావత్తా?" అంది. నేను బల్లిని పెట్టెలో సర్దాను.

సరే, పరీక్ష. పరీక్షించమన్నావు కాబట్టి పరీక్షించాను. నాకు తెలిసిన పరీక్ష ఒక్కటే. నా దగ్గర ఒక ముసలి తెర ఉండేది, పసుపెక్కిపోయి, గుర్తుందా? అది చచ్చి ఎన్నేళ్ళో అయింది. దాని పసుపుని తొక్కిపెట్టడానికి నీలం కుమ్మరించే దిద్దుబాటు ఫైలు మాత్రం నా దగ్గర బతికే ఉంది. గురువారం నీ కూతురు భోజనానికి దిగినప్పుడు, ఆ ఫైలు దాని తెరకి పెట్టాను. అది వచ్చి, కోటు తొడుక్కుని కూర్చుని, చేతిలో ఉన్న గుడ్డ తెర పక్కన పెట్టింది. పట్టుమని అర నిమిషం కాలేదు.

"అత్తా, ఈ తెర కొంచెం నీలంగా ఉందేమిటి?"

నా నోటికి మాట వెతుక్కునే పనే లేకపోయింది. "తెర సరిగ్గానే ఉంది. చీటీ చూడు. నీ కళ్ళు అలిసిపోయాయి, కాసేపు వెళ్ళి పడుకో" అన్నాను.

"ఇప్పుడే కదా వచ్చి కూర్చున్నాను, అప్పుడే ఎలా అలిసిపోతాయి?" అంది. అని, నన్ను అడక్కుండా బల్లిని తీసి తెరకి తగిలించింది. పది నిమిషాలు ఇద్దరం చీకట్లో కూర్చున్నాం. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నానని రాయడానికి నాకేం సిగ్గులేదు. లెక్క వచ్చింది. తెర నీలంగా ఉంది. అప్పుడు ఏ ఫైలు నడుస్తోందో చూసింది. ఆ ఫైలు ఎప్పుడెప్పుడు ఏ తెరకి పెట్టారో ఆ ప్రోగ్రాం తేదీలతో సహా రాసి ఉంచుతుంది. అందులో మూడే వరసలున్నాయి. ఒకటి చచ్చిపోయిన నా తెర. ఒకటి ఆరోజు గురువారం. మధ్యలోది నీ తెర, పదకొండేళ్ళ కిందట. పెట్టిన రోజుకీ తీసేసిన రోజుకీ మధ్య సరిగ్గా మూడు వారాలు.

"ఇదెవరు పెట్టారత్తా?" అంది.

"నాకేం తెలుసు, చాలామంది కూర్చునేవాళ్ళు" అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే కాబోలు. ఎవరు కూర్చునేవాళ్ళని అది అడగనేలేదు.

అది బల్లిని తెరమీంచి తీసింది. తర్వాత నెమ్మదిగా, "ఆదివారం నేను ఇంటికి వెళ్తాను. అంతలోపల నువ్వు రాస్తావా, నేను చెప్పనా?" అంది. అందుకే రాస్తున్నాను. నా మనసు కరిగిందనుకోకు. నీ కూతురు చెప్తే కాస్త మెత్తగా చెప్తుంది. నా పనిని ఇంకొకరు మెత్తగా చెప్పడం నాకు నచ్చదు.

నేనే పెట్టానురా. కేటలాగు మొదలైన రోజు, నువ్వు టీకి కిందకి దిగినప్పుడు. ఒక్క పేజీ పోతే నాన్న నిన్ను ఒక్క మాట అంటాడని, అంతవరకే అనుకున్నానని రాస్తే నువ్వు నమ్మేస్తావు. అది అబద్ధం. మొత్తం పోవాలనే పెట్టాను. ప్రూఫు ఉండదు కాబట్టి మధ్యలో ఎవరూ పట్టుకోలేరని తెలిసే పెట్టాను. ఆఖరి ప్లేటు వెళ్ళిన గంటకి తీసేశాను.

నువ్వు పట్టుకున్నావు. అది మరిచిపోయి ఉంటావు, నేను మరిచిపోలేదు. రెండోరోజే నా బల్ల దగ్గరికి వచ్చి "అక్కా, తెర కొంచెం నీలంగా ఉందేమిటే" అన్నావు. నీ కూతురికి చెప్పిన మాటే నీకూ చెప్పాను. నువ్వు వెళ్ళి పడుకున్నావు! లేచి వచ్చి, తడి గుడ్డతో కళ్ళు తుడుచుకుని, "ఇప్పుడు కొంచెం నయంగా ఉందక్కా" అన్నావు. నా మాటని నిలబెట్టడం కోసం నీ కంటిచేత అబద్ధం చెప్పించావు. ఆ క్షణాన ఫైలు తీసేసి ఉండొచ్చు. నీమీద అసహ్యం వేసి ఊరుకున్నాను.

కంటి డాక్టరుకి చూపించుకుంటానని రెండుసార్లు రాశావు. 'వద్దురా, నలుగురికీ తెలిస్తే ఆ గోడౌన్ పని కూడా పోతుంది' అని రాసింది నేను. ప్రేమగా రాశాను. ఆ ఉత్తరాలు నీ దగ్గర ఉండే ఉంటాయి, తీసి మళ్ళీ చదువు. నాన్న మంచాన పడ్డప్పుడు నువ్వు తెల్లటి దుప్పటి తెచ్చావు. నాన్న దాన్ని నీ చేతిలోంచి తీసుకోకుండా, నావైపు తిరిగి 'వీడు తెచ్చింది ఏ రంగో నువ్వు చెప్పవే, నాకు చూపు ఆనడం లేదు' అన్నాడు. నేను 'పసుపుపచ్చ నాన్నా' అన్నాను. గదిలో అందరూ నవ్వారు. నువ్వు కూడా నవ్వి, వెళ్ళేముందు వరండాలో నన్ను పక్కకి పిలిచి, 'నిజంగా పసుపేనా అక్కా, షాపువాడు తెలుపని చెప్పాడే' అని అడిగావు. నిజంగానే అన్నాను. మూడు నెలలకి నాన్న పోయాడు, ఆ దుప్పటి కప్పుకోకుండానే.

ఈ ఉత్తరంతో ఒక పాత కాగితం పెడుతున్నాను. కేటలాగు వెనక్కి వచ్చిన వారానికి, గదిలో ఎవరూ లేనప్పుడు, నూటనలభై గుడ్డల్నీ నూటనలభై బొమ్మల్నీ బల్లితో చదివించి రాసుకున్న అంకెలు అవి. మన బల్లి తెరనే కాదు, కాగితాన్నీ గుడ్డనీ కూడా చదువుతుంది కదా. కన్ను చెడినవాడు ఒకచోట ఇటు తప్పుతాడు, ఇంకోచోట అటు తప్పుతాడు. నువ్వు నూటనలభై చోట్లా ఒకే వైపుకి, ఒకే కొలత తప్పావు. నేను తెరకి ఎంత నీలం కలిపానో, నువ్వు గుడ్డగుడ్డకీ అంతే తీసేశావు, వెంట్రుకవాసి తేడా లేకుండా. అలాంటి కన్ను నేను ఇంకెక్కడా చూడలేదు. నాన్న నీ గురించి చెప్పింది తక్కువేనని నాకు ఆరోజు తెలిసింది, మన ఇంట్లో నాకొక్కదానికే తెలిసింది. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సొరుగులో వేసి తాళం పెట్టాను. కంప్యూటరు మార్చిన ప్రతిసారీ ఆ ఫైలునీ, దాని తేదీలనీ కూడా మోసుకొచ్చాను. ఎందుకు చెరపలేదని నీ కూతురు అడిగింది. జరిగిన పని రికార్డు చెరపడం నాకు చేతకాదు.

ఇక నీ ముక్కలు. నూలుపోగులు, గుండీలు, గోడమీంచి గీకిన రంగు పెచ్చులు, మరదలికి కొనబోయే చీరల అంచులు, పదకొండేళ్ళుగా నువ్వు కవర్లలో పెట్టి పంపి, 'ఇదేం రంగో చెప్పక్కా' అని అడిగినవన్నీ ఒక రేకు డబ్బాలో ఉన్నాయి. ఇరవైఏడు. ప్రతిదాన్నీ బల్లి చేత చదివించాను. ఇరవైఏడింటికీ నువ్వు అనుకున్నదే సరి. ఇరవైఏడింటికీ నేను కాదనే రాశాను. నువ్వు మళ్ళీ నీ కన్నుని నమ్మడం మొదలుపెడితే ఈ కుర్చీ నాకు మిగలదు. ఆ డబ్బా నీ కూతురి చేతికిచ్చాను. ఒక్కోదాని వెనకా అసలు రంగు రాసి అంటించాను.

అది నా దగ్గర పని నేర్చుకోదట. "నాన్న దగ్గర నేర్చుకుంటాను. బల్లిని నాకిస్తావా?" అంది. అడగడమే తప్ప, అప్పటికే పెట్టెలో సర్దేసింది. ఇచ్చాను. గది మాత్రం ఇవ్వను, ఆ ఆశ పెట్టుకోకు. కొత్త బల్లికి చెప్పాను, రావడానికి రెండు వారాలు పడుతుందట. క్షమించమని కూడా అడగను. అడిగితే నువ్వు 'శ్రమ అనుకోకక్కా' అన్నంత సులువుగా క్షమించేస్తావు, అది నేను చూడలేను. కోపం వస్తే వచ్చి అందరిముందూ అడుగు, కిందివాళ్ళని నేనే పైకి పిలుస్తాను. ఏడవకు. ఏడ్చిన కళ్ళతో ఆ రోజంతా రంగు చూడకూడదని నీకు తెలుసు.

నీ గుడ్డముక్క ఇప్పుడు నా ముందే ఉంది. నాలుగుసార్లు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, నాన్నలాగే అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాను. నాకు ఉత్త బూడిద రంగే కనిపిస్తోంది. నాకెప్పుడూ అంతే కనిపించేదిరా. నువ్వు పంపినవన్నీ బల్లి చెప్తేనే నాకు తెలిసేవి, తెలిశాక తిరగేసి రాసేదాన్ని. ఈసారి బల్లి లేదు, తిరగేయడానికి నా దగ్గర ఏమీ లేదు. అందులో ఆకుపచ్చ జీర ఉందో లేదో నువ్వే చూసి నాకు రాయి. నువ్వు ఏది రాస్తే అదే నమ్ముతాను.

ఇట్లు,
ఈ ఒక్కటి సరిచూడలేని
నీ అక్క